మేత కొట్టు కంప్యూటరు: తనంతట పడితే లేస్తోంది, మనం చెబితే లేవట్లేదు

నవంబరు 2, 2025

ఉండి దాటాక ఆకివీడు రోడ్డు మీద మా మావయ్యకి రొయ్యల మేత కొట్టుంది. కొట్లో ఓ మూల బల్ల, బల్ల కింద కంప్యూటరు. 2014లో భీమవరంలో అసెంబుల్ చేయించింది. నాలుగో తరం ఐ3 ప్రాసెసరు, హెచ్81 రకం మదర్‌బోర్డు, 500 జీబీ హార్డ్ డిస్కు. పదకొండేళ్లుగా దాని పని ఒక్కటే, చెరువుల రైతుల ఖాతాలు. ఎవరు ఎన్ని బస్తాలు అప్పు పట్టుకెళ్లారు, రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి అయ్యాక ఎంత జమ కట్టారు, ఇంకా ఎంత నిలవుంది.

మొన్న మొంథా తుపాను రాత్రి కరెంటు పోతూ వస్తూ ఉంటే ప్లగ్గు పీకాలని ఎవరికీ తోచలేదు. యూపీఎస్ ఉందిగా అనుకున్నారట. దాని బ్యాటరీ చచ్చి రెండేళ్లయింది, ఇప్పుడది ఖరీదైన స్విచ్చి బోర్డు. అప్పట్నుంచి మిషను తెరుచుకోడానికి నాలుగు నిమిషాలు పడుతోంది, లోపల్నుంచి టక్కు టక్కుమని చప్పుడు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రీడింగు తీశాను. చెడిపోయి పక్కన పెట్టేసిన (రీఎలొకేటెడ్) సెక్టార్లు 24, అనుమానంగా పెండింగులో ఉన్నవి 8. డిస్కు ఇంకా పోలేదు గానీ పోయే దారిలో ఉంది.

కొత్త మిషను కొనిపించొచ్చు. విండోస్ 10కి మామూలు సపోర్టు అక్టోబరు 14తో అయిపోయింది, ఈ ఐ3 మీదకి విండోస్ 11 అధికారికంగా రాదు. కానీ ఏడాది పొడిగింపు అప్‌డేట్లు తీసుకునే వీలుంది, మావయ్యకేమో సీజను బాకీలు రావాలి. అందుకని ఈ ఏడాదికి డిస్కు ఒక్కటీ మార్చి గట్టెక్కిద్దామన్నాను. 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాలు లేని డిస్కు, ఆర్డరు పెట్టాం.

నవంబరు 4

పని రాత్రి కొట్టు కట్టేశాక. ముందు ఖాతాల ఫోల్డరు రెండు పెన్‌డ్రైవుల్లోకి. ఇది చెయ్యకుండా స్క్రూ డ్రైవరు ముట్టుకోకూడదని నాకు నేను పెట్టుకున్న రూలు.

500 నుంచి 480కి దించడం అంటే బిందెడు నీళ్లు చెంబులో పొయ్యడం కాదు, వాడింది 130 జీబీయే. కానీ డిస్కుని ఉన్నదున్నట్టు కాపీ తీసే క్లోనింగు ప్రోగ్రాము వాడిన దాన్ని కాదు, పార్టిషన్ల కొలతని చూస్తుంది. విండోస్ లెక్కలో పాతది 465, కొత్తది 447. కాబట్టి ముందు డి డ్రైవుని 60 జీబీ కుదించాను. తర్వాత క్లోనజిల్లా అనే ఆ ప్రోగ్రాములో గమ్యం డిస్కు కొలత చూడొద్దనే ఆప్షను, చెడ్డ సెక్టార్లు తగిలినా ఆగొద్దనే ఆప్షను పెట్టి వదిలాను. గంటన్నర పట్టింది. మధ్యలో రెండు చోట్ల చదవలేకపోయానంది. తర్వాత చెక్‌డిస్క్ నడిపితే పోయింది ఏదో పాత ప్రింటరు డ్రైవరు ఫైలు. అదృష్టం.

ఇక్కడో చిన్న పని చేశాను, దాని గురించి తర్వాత చాలా రాయాల్సొస్తుందని అప్పుడు తెలీదు. డబ్బాలో అన్నిటికీ కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్‌కి సాటా పవరు కనెక్టర్లు రెండే. ఒకటి హార్డ్ డిస్కుకి, ఒకటి డీవీడీ రైటరుకి. పాత డిస్కు నాలుగు రోజులు లోపలే ఉండనిద్దాం అనుకున్నాను, అడ్డం ఏముంది. దాంతో ఎస్‌ఎస్‌డీకి పవరు లేదు. భీమవరం బజార్లో కొన్న కన్వర్టరు ముక్క ఒకటి సంచిలో ఉంది, అటు నాలుగు పిన్నుల పాత మోలెక్సు, ఇటు సాటా. అది తగిలించాను.

నాలుగు నిమిషాలు కాస్తా ముప్పై అయిదు సెకన్లయింది. మావయ్య గ్లాసు పట్టుకుని నిలబడి, "ఓరి నీ! టీ చల్లార్చుకునే టైము కూడా ఇవ్వట్లేదేంట్రా ఇది" అన్నాడు. ఆ రాత్రి గొప్పగానే ఇంటికెళ్లాను.

నవంబరు 5

పదింటికే ఫోను. "అల్లుడూ, నువ్వు పెట్టిన డబ్బా పన్జెయ్యట్లేదు. నల్ల తెర మీద ఏదో ఇంగ్లీషు."

వాట్సాప్‌లో ఫొటో పంపమన్నాను. బూట్ డివైస్ ఎంచుకుని రీస్టార్ట్ చెయ్యమన్న సందేశం. రాత్రి వచ్చిన అప్‌డేటు కోసం ఎవరో రీస్టార్ట్ నొక్కారు. పవరు స్విచ్చి గట్టిగా నొక్కి ఆపి, పది లెక్కపెట్టి మళ్లీ వెయ్యమన్నాను. మామూలుగా తెరుచుకుంది.

సాయంత్రం వెళ్లి చూశాను. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర. షట్‌డౌన్ చేసి స్విచ్చి వేస్తే చక్కగా వస్తోంది. నాకు మొదట తట్టింది పాత డిస్కే, దాన్నుంచి బూట్ అవ్వబోతోందేమో అని. విండోస్ కంటే ముందు లేచే బోర్డు ప్రోగ్రాము బయాస్‌లో బూట్ వరస చూస్తే ఎస్‌ఎస్‌డీయే ముందుంది. అనుమానం తీరక పాత డిస్కు డేటా కేబులు పీకేశాను. (విండోస్ దాన్ని ఎలాగూ ఆఫ్‌లైన్‌లో పెట్టింది. క్లోను కదా, రెండు డిస్కులకీ ఒకటే సంతకం. ఇద్దరు ఒకే వేలిముద్రతో వస్తే రిజిస్ట్రారు ఒకణ్ణి బయట కూర్చోబెట్టినట్టు.) అయినా నల్ల తెరే.

ఆ రోజే పవరు వైరు కూడా పీకి ఎస్‌ఎస్‌డీకి తగిలించి ఉంటే ఈ డైరీ సగమే ఉండేది. బద్ధకం.

నల్ల తెర మీదుండగా రీసెట్ నొక్కి బయాస్‌లోకెళ్లాను. సాటా పోర్టుల జాబితాలో ఎస్‌ఎస్‌డీ ఉండాల్సిన చోట ఖాళీ. బయాస్‌కి అది కనిపించనే లేదు. అంటే విండోస్ తప్పేం లేదు, అంతదాకా కథ రానే లేదు. డేటా కేబులు మార్చాను, పోర్టు మార్చాను. హెచ్81లో 6 గిగాబిట్ పోర్టులు రెండు, 3 గిగాబిట్‌వి రెండు ఉంటాయి. నాలుగూ తిప్పాను. అదే వరస.

నవంబరు 8

ఇప్పుడు రెండో ఫిర్యాదు. పని చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి ఆరిపోయి, దానంతటదే మళ్లీ తెరుచుకుంటోందట. నిన్న రెండుసార్లు, ఇవాళ ఒకసారి. విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41, సరిగా మూయకుండా మళ్లీ మొదలైంది అని. క్రాష్ కారణం చెప్పే బగ్‌చెక్ కోడు సున్నా. దాని వెనకే 6008, అదీ అనుకోకుండా ఆగిందనే. పడేముందు విండోస్ రాసి పెట్టే క్రాష్ డంపు ఫైలేమో ఒక్కటీ లేదు.

ఇక్కడే నా బుర్ర తిరిగింది. రీస్టార్ట్ చెయ్యమని మనం చెబితే లేవని మిషను, తనంతట తాను పడ్డప్పుడు మాత్రం లేచి కూర్చుంటోంది. రెండూ ఒకే రోగం అనుకున్నంతసేపు దీనికి అర్థం లేదు. నేనేమో రెండు రోజులు అలాగే అనుకున్నాను.

ఊళ్లో అందరిదీ ఒకటే తీర్పు, ఓల్టేజి. రాత్రయితే చెరువుల మీద నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లన్నీ ఒక్కసారి తిరుగుతాయి, బల్బులు మినుకు మినుకుమంటాయి, నిజమే. కానీ ఇవి పడుతున్నది మధ్యాహ్నం. మీటరు పెట్టి చూస్తే 222. ఎస్‌ఎంపీఎస్ 5 ఓల్టుల తీగ మీద 5.02, 12 మీద 11.9. అయిదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు కాబట్టి రెండూ కులాసా. ర్యామ్ ముక్కలు పీకి, కాళ్లు రబ్బరుతో రుద్ది పెట్టాను. చెరువుల గాలికి రాగికి చిలుము పట్టడం ఇక్కడ మామూలే, ఆకుపచ్చ పొడి రాలింది. తేడా ఏమీ లేదు.

పనిలో పని బయాస్ బ్యాటరీ కొలిచాను. మూడు ఓల్టులుండాల్సిన బిళ్ల 2.5 చూపించింది. పదకొండేళ్లు బతికిందంటే నయమే. కొత్తది వేసి స్విచ్చి నొక్కగానే నీలి తెర, ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్! ఒక్క నిమిషం చెమటలు పట్టాయి. బ్యాటరీ తియ్యడంతో బయాస్ సెట్టింగులన్నీ మొదటికొచ్చాయి, డిస్కుతో మాట్లాడే తీరులో ఈ బోర్డుకి మొదటి సెట్టింగు పాతకాలపు ఐడీఈ. ఈ విండోస్‌కి అలవాటైన ఏహెచ్‌సీఐకి మార్చి, తేదీ సరిచేశాక తెరుచుకుంది. బ్యాటరీ ముట్టుకునే ముందు బయాస్ తెరల ఫొటోలు తీసి పెట్టుకోవాలి. తెలిసిన విషయమే, తియ్యలేదు.

"ఎస్‌ఎస్‌డీ మంచిది కాదేమోరా, తిరిగిచ్చేద్దాం" అన్నాడు మావయ్య. రిటర్ను గడువు ఇంకా మూడు రోజులుంది. ఒక రోజు టైమడిగాను.

నవంబరు 9

పొద్దున్నే వెళ్లి కొట్లో కూర్చున్నాను, ఎప్పుడు పడుతుందో కళ్లతో చూద్దామని. మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. బస్తాలు మోసే కుర్రాడు టీ తెచ్చి పెడుతూ, "ఇయ్యాల పోదండి" అన్నాడు.

"ఏం?"

"ఇయ్యాల లారీ లేదు కదండీ."

నాకు అర్థం కాలేదు. "లారీకీ దీనికీ ఏంటి?"

"ఆయ్, లారీ వచ్చినప్పుడే పోద్దండి. మేం బస్తాలు దింపుతా ఉంటే గుమస్తాగారు తిడతా ఉంటారు, మళ్లీ పోయిందిరా అని."

స్టాకు రిజిస్టరు తెప్పించాను. లోడు దిగిన రోజులూ వేళలూ అందులో ఉంటాయి. 7న రెండు లోడ్లు, 8న ఒకటి. పక్కన ఈవెంట్ వ్యూయర్ తెరిచి 41ల టైములు చూస్తూ వచ్చాను. మూడుకి మూడు, లోడు దిగే వేళలోనే. పాతిక కేజీల బస్తా భుజం మీంచి గచ్చు మీద పడుతుంది, గచ్చు మీద బల్ల, బల్ల కింద డబ్బా.

ఇంకో సాక్షి ఎస్‌ఎస్‌డీయే. స్మార్ట్‌లో పవర్ సైకిల్ కౌంట్ అని ఒక అంకె ఉంటుంది, డిస్కుకి కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఒకటి పెరుగుతుంది. మామూలు రీస్టార్ట్‌కి పెరగదు, ఎందుకంటే రీస్టార్ట్‌లో ఎస్‌ఎంపీఎస్ ఆగదు. అంకె 47 ఉంది. రాసుకుని, కేసు మూత తీసి, విండోస్ నడుస్తుండగానే కన్వర్టరు వైరుని చిటికెన వేలితో అటూ ఇటూ కదిపాను. రెండో కదుపుకి తెర గడ్డకట్టింది, కాసేపటికి నీలి తెర మెరిసి మాయమైంది, మళ్లీ విండోస్ వచ్చింది. అంకె 48. స్విచ్చి ఎవరూ ముట్టుకోలేదు.

కన్వర్టరు పీకి చూస్తే మోలెక్సు వైపు ఎర్ర తీగ పిన్ను సగం వెనక్కి జారిపోయి ఉంది. పసుపు 12 ఓల్టులు, ఎరుపు 5, మధ్యలో రెండు నల్లవి గ్రౌండు. ఇలాంటి చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ తినేది 5 ఓల్టులే. పట్టు తప్పింది సరిగ్గా ఆ తీగకే.

డంపు ఫైలు ఎందుకు లేదో కూడా అప్పుడు తెలిసొచ్చింది. విండోస్ తన మరణ వాంగ్మూలం రాసుకోవాల్సింది డిస్కు మీదే. ఆ క్షణానికి డిస్కే లేదు, ఎక్కడ రాస్తుంది? బగ్‌చెక్ సున్నా అని చూసి ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించాను గానీ, రెండు రోజులుగా ఆ ఖాళీయే అసలు జవాబు చెబుతోంది.

డీవీడీ రైటరు తీసేశాను. చివరగా అందులో సీడీ ఎప్పుడు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. పాత డిస్కు కూడా బయటికి. ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా ఎస్‌ఎస్‌డీకి. కన్వర్టరు ముక్క చెత్తబుట్టలోకి, ఎవరూ ఏరి మళ్లీ వాడకుండా మధ్యకి కోసి మరీ. అచ్చుపోసిన ప్లాస్టిక్కుతో వచ్చే ఈ చవక రకం లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

రిటర్ను వద్దన్నాను మావయ్యతో. "మరి రీస్టార్ట్?" అన్నాడు. చేసి చూపించబోయాను. నల్ల తెర.

నవంబరు 12

అంటే రోగాలు రెండు. ఒకటి పోయాక రెండోది ఒంటరిగా దొరికింది, ఇప్పుడు దాన్ని తీరిగ్గా చూడొచ్చు.

మావయ్యకి చెప్పడానికని కాగితం మీద గీశాను, గీస్తుంటే నాకే స్పష్టమైంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా చావదు. తన గుండెకాయ లాంటి కెర్నల్‌ని డిస్కు మీద దాచుకుని పడుకుంటుంది, పొద్దున అదే మళ్లీ లేస్తుంది. రీస్టార్ట్‌లో మాత్రం అంతా కొట్టేసి మొదటినుంచి మొదలెడుతుంది. అంటే షట్‌డౌన్‌లో కరెంటు పోతుంది, విండోస్ పోదు. రీస్టార్ట్‌లో విండోస్ పోతుంది, కరెంటు పోదు. జనం రెండూ ఒకటే అనుకుంటారు గానీ నిజానికి తిరగా బోర్లా.

మన ఎస్‌ఎస్‌డీకి కావల్సింది కరెంటు పోవడమే. పిన్ను ఊగి మిషను పడ్డప్పుడల్లా డిస్కుకి కరెంటు పోయి వచ్చేది, తాజాగా లేచేది, బయాస్‌కి కనిపించేది. మనం రీస్టార్ట్ నొక్కితే 5 ఓల్టులు అలాగే ఉంటాయి. బోర్డు సాటా తీగ మీద కామ్‌రీసెట్ అనే పిలుపు ఒకటి పంపుతుంది, డిస్కు దానికి ఊఁ అనాలి. అనట్లేదు. 8వ తారీకున నా బుర్ర తిప్పిన ముడి ఇదే.

ఎందుకు అనట్లేదు? ఫాస్ట్ స్టార్టప్ ఆపి చూశాను, తేడా లేదు, ఉండకూడదు కూడా. అయితే పరీక్షిస్తుంటే ఒక వింత. ఇప్పుడే తెరిచి వెంటనే రీస్టార్ట్ చేస్తే పదికి పదిసార్లూ వచ్చింది. గంటసేపు ఊరికే వదిలేసి చేస్తే నాలుగింట మూడుసార్లు రాలేదు. గుమస్తాగారు అప్‌డేటు పెట్టేది భోజనం చేసొచ్చాక, నేను పరీక్షించేది ఆత్రంగా. ఇద్దరం చూసింది రెండు వేరే మిషన్లని.

ఊరికే ఉన్నప్పుడు జరిగేది ఏంటి? నిద్ర. పని లేనప్పుడు విండోస్ సాటా లింకుని జోకొడుతుంది, కరెంటు ఆదా అని. పెన్‌డ్రైవులోంచి లినక్సు ఎక్కించి అదే గంట వదిలేసి ఆరుసార్లు రీస్టార్ట్ చేశాను. ఆరుసార్లూ ఎస్‌ఎస్‌డీ కనిపించింది. అక్కడ సెట్టింగు చూస్తే లింకుని నిద్రపుచ్చడం లేదు. అనుమానం బలపడింది, గాఢ నిద్రలో ఉండగా పిలుపు వస్తే ఈ డిస్కు తత్తరపడుతోంది.

నవంబరు 15

విండోస్ పవర్ ప్లానులో ఏహెచ్‌సీఐ లింక్ పవర్ మేనేజ్‌మెంట్ అనే సెట్టింగు దాచి ఉంచుతారు. రిజిస్ట్రీలో దాని ఆట్రిబ్యూట్స్ విలువ 2 చేస్తే బయటపడుతుంది. యాక్టివ్‌కి మార్చాను, అంటే నిద్ర వద్దు. మూడు రోజులు మావయ్య చేత మూడుపూటలా రీస్టార్ట్ చేయించాను, మందేసుకున్నట్టు. అన్నిసార్లూ వచ్చింది. గుమస్తాగారు చిట్టా పుస్తకం వెనక పేజీలో గీతలు గీశారు, తొమ్మిది.

ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ అది తలుపు మూసుకోకపోతే రాయి అడ్డం పెట్టినట్టుంది. ఎస్‌ఎస్‌డీ కంపెనీ టూలు దింపి చూస్తే ఫర్మ్‌వేరుకి, అంటే డిస్కు లోపలే ఉండే ప్రోగ్రాముకి, కొత్త వెర్షను ఉంది. ఫర్మ్‌వేరు మార్చడమంటే నాకు భయమే. సగంలో కరెంటు పోతే డిస్కు ఇటుకరాయి. ఈ కొట్లో కరెంటుని, ఆ యూపీఎస్‌నీ నమ్మి చెయ్యలేను. ఎస్‌ఎస్‌డీ విప్పి జేబులో వేసుకుని భీమవరం తీసుకొచ్చాను.

నవంబరు 16

ఇంట్లో ఇన్వర్టరు మీద నా మిషనుకి తగిలించి, ఖాతాలు మరోసారి కాపీ తీసి, ఫర్మ్‌వేరు ఎక్కించాను. రెండు నిమిషాల పని, అంతసేపూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. సాయంత్రం కొట్లో బిగించి, లింకు సెట్టింగుని కావాలనే మళ్లీ పాత చోటికి తిప్పి, గంట వదిలేసి రీస్టార్ట్ చేశాను. వచ్చింది. రాత్రి తొమ్మిది దాకా ఇంకో మూడుసార్లు. నాలుగూ వచ్చాయి.

అయినా వెళ్లేముందు యాక్టివ్‌కే మార్చేశాను. బల్ల కింద రోజంతా వెలిగే డబ్బాకి ఆ కాస్త ఆదా దేనికి? లాప్‌టాప్ అయితే వేరే మాట.

నవంబరు 23

ఇవాళ లోడు రోజు. కావాలనే ఆ వేళకి వెళ్లాను. లారీ వెనక్కి తీస్తుంటే గుమస్తాగారు అలవాటు ప్రకారం బిల్లు సేవ్ చేసి చేతులు కట్టుకు కూర్చున్నారు. మొదటి బస్తా దబ్బున పడింది. అందరం తెర వంక చూశాం. రెండోది, పదోది. కుర్రాడు బస్తా భుజాన పెట్టుకునే గుమ్మంలోంచి తొంగి చూసి, "ఉందాండీ?" అన్నాడు.

"ఉందిలే, దింపు" అన్నాడు మావయ్య.

పవర్ సైకిల్ కౌంట్ చూశాను. పొద్దున స్విచ్చి వేసినప్పుడు 63, లారీ ఖాళీ అయ్యాక కూడా 63. 41లు 9వ తారీకు తర్వాత ఒక్కటీ లేవు.

పాత డిస్కుని బయటి కేసులో పెట్టి ఇచ్చాను, వారానికోసారి ఖాతాల రెండో కాపీకి మాత్రమే. పెండింగు సెక్టార్లు 8 నుంచి 11 అయ్యాయి కాబట్టి అసలు కాపీ పెన్‌డ్రైవుల్లోనే. మిగిలింది యూపీఎస్ బ్యాటరీ. కొలతలు రాసుకున్నాను, 12 ఓల్టులు, 7 ఆంపియర్-అవర్. మావయ్య అడిగాడు, "అది మారిస్తే కంప్యూటరు ఇంకా స్పీడవుతుందా?" అవ్వదన్నాను. "అయితే సంక్రాంతి దాటాక చూద్దాంలే" అన్నాడు.